ఎముకకు తొందర పెట్టకండి

మా పెద్దత్తది సత్తుపల్లి. నేను డాక్టరునయ్యాక ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే, దాన్ని చివరిదాకా వదల్లేదు. "రోగి మొహం చూడవు, నాడి పట్టవు, మందు రాయవు. మరి డాక్టరువి ఎట్లా అయ్యావే?"

"రోగి ఒంట్లోంచి కోసిన ముక్క నా దగ్గరికి వస్తుంది అత్తా. దాన్ని చూసి జబ్బేమిటో చెబుతాను."

"అయితే మాంసం కొట్టు ముందు కూచున్నట్టే" అని తేల్చేసింది. ఖమ్మంలో పాథాలజిస్టుగా నేను గడిపిన జీవితాన్ని ఇంతకన్నా క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి సలహాలు అడుగుతుంటారు. ఏ పరీక్ష రాయాలి, ఏ ల్యాబులో చేరాలి, ఏ సిటీ మంచిది అని. అవన్నీ నాకంటే మీ సెల్‌ఫోన్‌కు బాగా తెలుసు. నాకు తెలిసింది ఎముక. అదైనా కొంచెమే. ఆ కొంచెం నేర్చుకోవడానికే నా కళ్లజోడు నాలుగుసార్లు మందం పెరిగింది. అందుకని ఎముక గురించే రాస్తాను. అది కూడా ముఖ్యంగా ఒక దవడ ఎముక గురించి.

గూట్లో దీపం

ఎముకను రాయిలాంటిది అనుకుంటారు జనం. డాక్టర్లలో కూడా సగం మంది లోలోపల అలాగే అనుకుంటారు. అస్థిపంజరం బొమ్మలు చూసి చూసి వచ్చిన అలవాటు అది. బొమ్మలో ఉన్నది చచ్చిన ఎముక. మనలో ఉన్నది వేరు.

పల్చగా కోసి, గాజు పలక మీద పెట్టి, రంగు వేసిన స్లైడును మైక్రోస్కోపులో చూస్తే ఎముక లేత గులాబీగా కనిపిస్తుంది. దాని నిండా సన్నటి గూళ్లు. ఒక్కో గూటిలో ఒక్కో నీలం చుక్క. పాత ఇళ్ల గోడల్లో దీపం పెట్టుకునే గూడు చూశారు కదా, అచ్చం అలాగే ఉంటుంది. ఆ నీలం చుక్కే ఎముకలోని జీవకణం. దాని నుంచి వెంట్రుక కన్నా సన్నని దారులు నాలుగు పక్కలా పోయి పక్క గూళ్లను కలుపుతాయి. మీరు మెట్టు ఎక్కితే ఆ బరువు ఎంతో ఆ చుక్కలకు తెలుస్తుంది. ఎక్కడ ఎముక గట్టిపడాలో, ఎక్కడ అక్కర్లేదో కబురు పంపేది అవే. అంత గట్టి గోడ మధ్యలో కూర్చుని ఏళ్ల తరబడి బతికేస్తాయి, గాలి లేదు, వెలుతురు లేదు అని ఎవరికీ ఫిర్యాదు చేయకుండా.

దీపం ఉంటే ఎముక బతికున్నట్టు. గూడు ఖాళీ అయితే అక్కడ ఎముక పోయినట్టు. ఎన్ని వేల స్లైడులు చూసినా, ప్రతి ఎముక ముక్కలో ఆ నీలం చుక్కలు కనబడగానే నాకు లోపల ఎక్కడో చేతులు జోడించబుద్ధి అవుతుంది. సిగ్గుపడకుండా చెబుతున్నాను. మీకు అలా అనిపించకపోతే ఈ పనిలోకి రాకండి, రియల్ ఎస్టేటు చేసుకోండి.

రహీం సార్ నియమం

నాకు పని నేర్పినవారు రహీం సార్. మనిషి పొట్టి, కోపం పొడుగు. టీ చల్లారినా, స్లైడు మందంగా వచ్చినా ఒకే తిట్టు తిట్టేవారు. ఆయనకొక నియమం ఉండేది. ల్యాబుకు ఎముక ముక్క వస్తే మొదట దాన్ని నిలువునా రెండు చేయాలి. ఒక సగం పనికి, ఒక సగం పక్కకు. పక్కన పెట్టినదాన్ని తొందర పనికి ఎవరూ ముట్టకూడదు.

ఎందుకో అర్థం కావాలంటే మా వంట తెలియాలి. ఎముకను ఉన్నదున్నట్టు పల్చగా కోయలేం, బ్లేడు విరుగుతుంది. అందులోని సున్నాన్ని ముందు కరిగించాలి. గుడ్డును నిమ్మరసంలో వేస్తే పెంకు మెత్తబడినట్టు, ఎముకను ఒక ద్రావణంలో నానబెడతాం. నెమ్మదిగా పనిచేసే ద్రావణాలున్నాయి, రోజులు పడుతుంది. ఘాటు ఆసిడ్ ఉంది, ఒక్క రోజులో తేల్చేస్తుంది. కానీ ఘాటు ఆసిడ్‌లో ఎక్కువసేపు ఉంటే సున్నంతో పాటు ఆ నీలం చుక్కలు కూడా వెలిసిపోతాయి. గూడు మిగులుతుంది, దీపం కనబడదు. బతికున్న ఎముక చచ్చినదానిలా కనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఆయనే చెప్పారు. నేను చేరకముందు, చర్ల అవతలి అడవి గ్రామం నుంచి ఒక కోయ రైతును మంచం మీద మోసుకొచ్చారట. కాలి ఎముకకు చీము పట్టింది. సర్జన్ తొందరపెడితే సార్ ఘాటు ఆసిడ్‌లో వేసి, ఖాళీ గూళ్లు చూసి, ఎముక మొత్తం పోయిందని రాసిచ్చారు. కాలు తీసేశారు. తీసిన కాలు ల్యాబుకు వచ్చింది. దాన్ని నిదానంగా నానబెట్టి చూస్తే, చీము పట్టిన చోటు తప్ప మిగతా ఎముక నిండా దీపాలే.

"ఆ మనిషి పెండ్లాం నాకు దండం పెట్టి పోయిందమ్మా, పానం కాపాడిన్రు సారూ అని" అన్నారు రహీం సార్. లేచి వెళ్లబోతూ, "ఎముకకు తొందర పెట్టకు. తొందర పెడితే అది అబద్ధం చెప్తది" అన్నారు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఒక సగాన్ని ఎప్పుడూ నిదానంగానే నానబెట్టాలన్న ఆయన నియమం మాత్రం నేను రిటైరయ్యేదాకా మా ల్యాబులో నడిచింది. మా టెక్నీషియన్ వెంకన్న విసుక్కునేవాడు, సీసాలు పెట్టడానికి చోటు లేదని. చోటు చేయించాను.

వెలుగుతో కోత

ఉద్యోగం చివరి సంవత్సరాల్లో మా ఊరి ప్రైవేటు ఆసుపత్రి ఒకదానికి లేజరు వచ్చింది. దాన్ని వాడే దవడ సర్జన్ పేరు కిరణ్. కుర్రాడు, చెయ్యి మంచిది, నోరు ఇంకా మంచిది. "మేడం, ఒక్కసారి వచ్చి చూడున్రి. మీ రంపాలు, సుత్తులు ఇగ మ్యూజియంలనే" అని థియేటరుకు పిలిచాడు.

వెళ్లాను. చూసి నోరు వెళ్లబెట్టాను. పెన్ను లాంటి పరికరం. ఎముకకు తగలకుండా దానికి కాస్త ఎడంగా పట్టుకున్నాడు. టపటపమని సన్న చప్పుడు, దాంతో పాటే నీటి తుంపర. ఎముకలో గీత పడిపోతోంది. ఒత్తిడి లేదు, అదురు లేదు, రంపపు పొట్టు లేదు. వెలుగు ఎముకను కోస్తోంది! కుట్టుపని చేసే మా అమ్మ చూసి ఉంటే కత్తెర పక్కన పెట్టేసేది.

దాని కిటుకు సులువే. ఎముకలో కొంత నీరుంటుంది. ఆ వెలుగు పడ్డచోట నీరు క్షణంలో ఆవిరై పేలుతుంది, ఆ పేలుడుకు ఎముక పొడై ఎగిరిపోతుంది. పైనుంచి పడే తుంపర మిగిలిన వేడిని లాగేస్తుంది. తుంపర సరిగా పడి, చెయ్యి ఒకేచోట ఆగకుండా కదులుతుంటే అంచు శుభ్రంగా వస్తుంది. తుంపర తగ్గినా, చెయ్యి ఆగినా ఎముక ఉడుకుతుంది. నిప్పు రానక్కర్లేదు. మనం ఊదుకుంటూ తాగే టీ ఉంటుంది చూడండి, అంత వేడి కాసేపు నిలిచినా చాలు, గూళ్లలో ఉన్నవి తట్టుకోలేవు. పైగా ఎముక వేడిని త్వరగా వదలదు.

లేజరును తిట్టడానికి ఇది రాయడం లేదు. మొద్దుబారిన రంపమూ కాలుస్తుంది, ఒత్తిపట్టిన డ్రిల్లూ కాలుస్తుంది. కాలిన అంచులు నా వృత్తి పొడుగునా చూశాను. కొత్త పనిముట్టు చేసే తప్పు ఒక్కటే, తనకు తప్పు తెలియదన్నట్టు మెరుస్తుంది.

సలోమి

సలోమి బస్సు కండక్టరు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా భద్రాచలం పోయే బస్సులో డ్యూటీ. కింది దవడ చివర ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని కిరణ్ లేజరుతో ఎముక కోసి తీశాడు. పన్ను వచ్చింది, పుండు మానలేదు. వారాలు గడిచినా చిగురు మూసుకోలేదు. లోపల ఎముక బయటపడి కనిపిస్తోంది, వాసన, నొప్పి. ఎక్స్‌రేలో దవడ మసకగా ఉంది. కిరణ్ భయపడ్డాడు. ఎముక చావడం మొదలైతే ఎంతదాకా పోతుందో తెలియదు. పుండు అంచు నుంచి లోతట్టుదాకా గోరంత పొడుగు ముక్క తీసి, తనే సీసా పట్టుకుని వచ్చాడు.

"జల్దీ కావాలె మేడం. చచ్చింది అంచు వరకేనా, మొత్తమా? మొత్తమైతే ఆ పక్క దవడ తీసేసి ప్లేటు వెయ్యాలె. లేట్ చేస్తే ఇంకా పాకుతది."

ముక్కను నిలువునా రెండు చేశాం. ఒక సగం ఘాటు ఆసిడ్‌లోకి వెళ్లింది, కిరణ్ తొందర కోసం. రెండో సగం నెమ్మది ద్రావణంలోకి, రహీం సార్ కోసం.

మర్నాడు మొదటి స్లైడు తయారైంది. ఇద్దరం చూసే మైక్రోస్కోపుకు ఆ పక్క కిరణ్, ఈ పక్క నేను. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఖాళీ గూళ్లు. ఒక్క నీలం చుక్క లేదు.

కిరణ్ మైక్రోస్కోపు నుంచి తలెత్తి కుర్చీలో వెనక్కి వాలాడు. "అయిపాయె మేడం. మొత్తం పోయింది. ఎల్లుండికి థియేటర్ పెట్టుకుంట. రిపోర్ట్ రాసియ్యున్రి."

నేను ఇంకా చూస్తున్నాను. ముక్క చివర ఎముకకు అంటుకుని పిసరంత కండ ఉంది. బతికున్న కండలోనూ ఇలాంటి నీలం చుక్కలు ఉండాలి, ఇందులో లేవు.

"కిరణ్, ఇది తీసేటప్పుడు ఈ కండలోంచి రక్తం కారిందా?"

"అవ్ మేడం, మస్తు కారింది. ఆపనీకే టైం పట్టింది."

"రక్తం కారిన కండ బతికున్నట్టా, చచ్చినట్టా?"

అతను మళ్లీ కళ్లు పెట్టి చూశాడు. కండ కూడా చచ్చినట్టే కనిపిస్తోంది. అంటే దీపాలను ఆర్పింది లేజరు కాకపోవచ్చు, మా ఆసిడ్ కావచ్చు. రెండూ కలిసి కూడా కావచ్చు. ఈ స్లైడును నమ్మి ఏమీ చెప్పలేం. రెండో సగం తేలేదాకా రిపోర్టు ఇవ్వనన్నాను.

"అప్పటిదాంక ఆగితే? ఇన్ఫెక్షన్ పాకి మెడల దిగితే ఎవరు జవాబు చెప్తరు మేడం?"

"నేను చెబుతాను. మందులు ఆపకు, రోజూ చూస్తూ ఉండు. జ్వరమొస్తే నన్ను అడగొద్దు, నీకు తోచింది చెయ్. జ్వరం రాకపోతే ఆగు."

గట్టిగానే అన్నాను. అతను వెళ్లాక మళ్లీ అదే స్లైడు ముందు కూర్చున్నాను. అతను అడిగింది తప్పుడు ప్రశ్న కాదు. నా మాట పట్టుకుని ఆగితే ఆమె ప్రాణం మీదికి రావచ్చు, ఆగకపోతే బతికున్న దవడ తీసి చెత్తబుట్టలో వేయవచ్చు. పాథాలజిస్టుకు రోగి కనబడదు కాబట్టి నిద్ర బాగా పడుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ మధ్యలో సలోమే ల్యాబుకు వచ్చింది. మొహానికి స్కార్ఫు చుట్టుకుని, నోరు సగమే తెరుస్తూ మాట్లాడింది.

"మీరేనా మేడం ఆగుమన్నది?"

"నేనే."

"నా దవడ తీస్తరంట. తీస్తే మాట గిట్ల రాదంట కదా సక్కగ. నేను బస్సుల నోరుతోటే బతుకుతున్న మేడం. చర్చిల కూడ పాట నేనే అందుకుంట. సార్ తియ్యాలె అంటడు, మీరు ఆగుమంటరు. నేనెవల మాట ఇనాలె? ఇంకోసారి ఆ మిషన్ కాడికైతే నేను రాను. పోయి ఇంట్ల పంట."

నాకు ధైర్యం చెప్పడం రాదు. ముక్కలకు ధైర్యం అక్కర్లేదు కదా, అలవాటు లేదు. "నీ ఎముక నానుతోందమ్మా. అది చెప్పేదాకా నాకూ తెలియదు" అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "నానుడేంది, శెనగలా?" అంది. ఆ నొప్పిలో కూడా అంది. అప్పుడే నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది.

రెండో సగం

జ్వరం రాలేదు. కిరణ్ రోజూ ఫోన్ చేసేవాడు, ఆమె సంగతి ఒక మాట, నన్ను దెప్పడం రెండు మాటలు. ముక్క చివరకు మెత్తబడింది. వెంకన్న కోసి, రంగు వేసి, స్లైడు నా బల్ల మీద పెట్టాడు. వెంటనే చూడలేకపోయాను. కళ్లజోడు తుడుచుకున్నాను. తుడిచిందే మళ్లీ తుడిచాను.

లేజరు కోసిన వైపు నుంచి మొదలుపెట్టాను. అంచున నల్లటి గీత, పెన్నుతో గీసినట్టు. అది మసి. దాని వెనుక ఒక పట్టీ, అందులో గూళ్లన్నీ ఖాళీ. స్లైడును కొంచెం జరిపాను. ఖాళీ. ఇంకొంచెం జరిపాను. ఖాళీ గూళ్ల మధ్య ఒక నీలం చుక్క, వాలిపోయి, ముడుచుకుని. ఇంకొంచెం. మూడు, నాలుగు. ఆ తర్వాత ఇక లెక్క లేదు. గూటి గూటికీ దీపం. లోతట్టు చివరిదాకా అన్నీ వెలుగుతున్నాయి. పిసరంత కండలో కూడా.

ఒకే ముక్క, ఒకే ద్రావణం, ఒకే రంగు. ఈ పక్క ఖాళీ, ఆ పక్క నిండు. ఇప్పుడిక అనుమానం లేదు, వేడి చంపింది ఆ పట్టీని మాత్రమే. మిగతా దవడ బతికే ఉంది.

అంతకంటే ఆశ్చర్యం ఇంకొకటి కనిపించింది. చచ్చిన పట్టీ, బతికిన ఎముక కలిసేచోట పెద్ద పెద్ద కణాలు వరుసకట్టి చచ్చినదాన్ని తొలిచేస్తున్నాయి. వాటి వెనుకే ఇంకో రకం కణాలు నిలబడి కొత్త ఎముక పోస్తున్నాయి. మేము ఇక్కడ దవడ తీయాలా వద్దా అని పోట్లాడుకుంటున్న రోజుల్లో, ఆ ఎముక ఎవరినీ అడగకుండా ఇల్లు బాగు చేసుకోవడం మొదలుపెట్టింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. వెంకన్న చూసి కంగారుపడి, "ఖరాబయిందా మేడం?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను.

కిరణ్ వచ్చాడు. చూశాడు. చాలాసేపు స్లైడు జరుపుతూనే ఉన్నాడు.

"నీళ్లు ఎగిరి కోత కనబడలేదు మేడం. స్ప్రే తగ్గించిన. కొద్దిసేపే" అన్నాడు నెమ్మదిగా.

"ఎంతసేపో ఆ పట్టీనే చెబుతోంది" అన్నాను. అంతకన్నా అనలేదు. తనంతట తాను చెప్పుకున్నవాడిని మళ్లీ కొట్టకూడదు.

కానీ సలోమి ఒప్పుకోవాలి. చచ్చిన పట్టీని గీకేస్తేనే పుండు మానుతుంది. ఆమె థియేటరు గుమ్మం తొక్కనంటోంది. కిరణ్ నచ్చజెప్పాడు, నేను నచ్చజెప్పాను. ఆఖరికి ఆమెనే మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. గూళ్లు చూపించాను. నీలం చుక్క ఉంటే లోపల జీవం ఉన్నట్టని చెప్పాను. స్లైడును నేనే మెల్లగా జరిపాను, మసి గీత నుంచి లోపలికి.

స్కార్ఫులోంచి ఆమె గొంతు వచ్చింది.

"ఈడంత ఖాళీ సీట్లే."

"అవును."

"జరుపున్రి... ఇంకా జరుపున్రి... అగో! ఎక్కిన్రు ఎక్కిన్రు. అయ్యో దేవా, ఎనకంత ఫుల్లే ఉంది కదా మేడం! గిదంత నేనేనా?"

"నువ్వే."

ఆమె మైక్రోస్కోపు నుంచి తలెత్తి, దవడ మీద చెయ్యి వేసుకుంది, నిద్రపోయే పిల్లను తడుముతున్నట్టు. తర్వాత కిరణ్ వైపు తిరిగింది. "ఖాళీ సీట్లయి తియ్యున్రి సారూ. ఎనక కూసున్నోళ్లని ముట్టిన్రో, చూడున్రి మల్ల."

కారం చుక్కలు

ఆ ఆపరేషనుకు నేను థియేటరులో నిలబడ్డాను. లేజరు మూలన గుడ్డ కప్పుకుని ఉంది. కిరణ్ చేతిపనిముట్లతో, చల్లటి సెలైను పోయిస్తూ, చచ్చిన ఎముకను పొర పొరగా గీకాడు. పాలిపోయిన తెలుపు. ఇంకో పొర. మళ్లీ తెలుపు. ఆ తర్వాతి పొర గీకి నీళ్లు పోసి ఆగాడు. ఎముక మీద ఎర్రటి సన్న చుక్కలు ఒక్కొక్కటే లేచాయి, కారం చల్లినట్టు. మిర్చి యార్డు ఉన్న ఊరి వాళ్లం, ఇంతకన్నా మంచి పోలిక మాకెక్కడిది? రక్తం తిరుగుతున్న ఎముక అది. అక్కడ ఆపేయాలి.

కిరణ్ ఆపాడు. మాస్కు వెనుక నవ్వుతున్నాడని కళ్లు చూస్తే తెలిసింది.

తర్వాత ఒక పని చేయించాను. నేనే మాంసం కొట్టు ముందు కూర్చుని, అప్పుడే కొట్టిన మేక ఎముక తెచ్చి, సగం తుంపరతో, సగం తుంపర లేకుండా లేజరుతో కోయమన్నాను. తుంపర ఆపగానే గదంతా వెంట్రుకలు కాలిన వాసన. రెండు అంచుల స్లైడులూ అతనికే ఇచ్చాను. ఇప్పుడు అతని దగ్గర నేర్చుకునే పిల్లలు రోగి మీద లేజరు పట్టేముందు ఆ రెండూ చూడాలి. అతను ఇప్పటికీ లేజరు వాడుతున్నాడు, బాగా వాడుతున్నాడు. మా పెద్దత్త ఉంటే చెప్పేదాన్ని, ఈసారి నిజంగానే మాంసం కొట్టు ముందు కూర్చున్నానని.

మిగతా ఎముక

పాథాలజిస్టుకు ముక్కే తెలుస్తుంది. మిగతా మనిషి ఏమయ్యాడో తెలియదు. ఎవరూ తిరిగొచ్చి చెప్పరు. ఈ పనిలో అతి పెద్ద లోటు అదే, ముందే చెబుతున్నాను.

రిటైరయ్యాక ఒకసారి భద్రాచలం బయల్దేరాను. ఖమ్మం బస్టాండులో కిక్కిరిసిన బస్సు, ఎలాగో కిటికీ పక్కన సీటు దొరికింది. వైరా దాటింది, తల్లాడ దాటింది. నాకు కునుకు పట్టింది. ఉన్నట్టుండి బస్సు ఆ చివర నుంచి ఒక గొంతు, ఇంజను మోతను, పిల్లల ఏడుపును, ఎవరి ఫోనులోనో మోగుతున్న పాటను దాటుకుని వచ్చింది.

"ఏన్కూరు! ఏన్కూరు దిగేటోళ్లు ముంగటికి రావాలె! ఓ పెద్దమనిషీ, జర జరుగయ్యా, నీ మూట కాదు, నువ్వు జరుగు!"

తల తిప్పి చూశాను. టికెట్ల మిషను మెడలో వేసుకుని, కడ్డీ పట్టుకుని, నోరు బార్లా తెరిచి అరుస్తోంది. స్కార్ఫు లేదు. దవడ రెండు పక్కలా సమంగా ఉంది. ఆమె నన్ను చూడలేదు, జనం అంత ఉన్నారు. నేనూ పిలవలేదు.

నేను చూసింది గోరంత ముక్క. మిగతా ఎముక ఇప్పుడు నా ముందు నిలబడి ఏన్కూరు, ఏన్కూరు అని కేకలేస్తోంది.